ఏడవనిచ్చే బడి

మొదటి కరపత్రం ఎందుకు పనిచేయలేదో తెలుసుకోవడానికి చెల్లెలు బస్టాపు దాకా నడిస్తే సరిపోయింది. తెల్లవారుజామున వాన పడి అక్కడి సిమెంటు బల్ల తడిసి ఉంది. దాని మీద నలుగురు కూర్చుని ఉన్నారు. నలుగురి కిందా ఆమె గీసిన ఇంద్రధనుస్సే పరిచి ఉంది. దళసరి కాగితం, నున్నటిది, తడి పీల్చదు. ఆ కాగితం ఎంచినది కూడా ఆమే.

ఆమె ఒక ప్రెస్సులో డిజైనరు. పెళ్ళిపత్రికల నుంచి చెప్పుల దుకాణం తగ్గింపు ప్రకటనల దాకా అన్నీ ఆమె కంప్యూటరు మీంచే మిషను ఎక్కుతాయి. కరపత్రం జాతకం పంచిన చోట తెలియదని, తరువాతి మలుపు దగ్గర తెలుస్తుందని ఆ ప్రెస్సు ఫోర్‌మన్ అంటాడు. పంచిన మర్నాడు అదే వీధిలో తలవంచుకుని నడిచి రమ్మని ప్రతి కొత్త డిజైనరునూ పంపుతాడు. ఇతరుల కరపత్రాల వెనక ఆమె అలా చాలాసార్లు నడిచింది. వాటిని బజ్జీల పొట్లాలుగా, మేజా కాలి కింద ఎత్తుగా చూసి నవ్వుకుంది కూడా. సొంత అక్క బడి కరపత్రాన్ని మాత్రం ఆ వేళే చూసింది, నవ్వు రాలేదు.

అక్కది అద్దె ఇంటి ముందు రెండు గదుల్లో నడిచే పసిపిల్లల బడి. ఐదేళ్ళ లోపు పిల్లలు వస్తారు. మెయిన్ రోడ్డు మీద జారుడుబల్లా, వ్యానూ, యూనిఫారమూ ఉన్న పెద్ద బడి వచ్చాక పిల్లలు ఒక్కొక్కరే అటు మళ్ళారు, ఏడుగురు మిగిలారు. ఇంటాయన మర్యాదస్తుడు, ఖాళీ చేయమనలేదు. సెలవుల తరువాత కూడా గదులు ఇలాగే బోసిగా ఉంటే తన బామ్మర్ది రక్తపరీక్షల లాబు పెట్టుకుంటానంటున్నాడని మాత్రం చెప్పాడు. కనుక విషయం స్పష్టం: బడి తెరిచే నాటికి గదులు నిండాలి, లేదా బడి ఉండదు. పెద్ద బడివాళ్ళు అక్కను తమ దగ్గర టీచరుగా చేరమని కబురు పెట్టారు. అక్కడ ఏడ్చే పిల్లను ఎత్తుకోవడానికి కూడా ఎవరినో అడగాలని విన్నాక, అక్క ఆ కబురుకు జవాబు పంపడం మానుకుంది.

మొదటి కరపత్రం తప్పు ఒక్కరిది కాదు. ప్రెస్సు పని ముగించుకుని వచ్చిన చెల్లెలికి ప్రతి సాయంత్రమూ అక్క ఏదో ఒకటి కలపమనేది. ఇంద్రధనుస్సు, దాని వెనక కళ్ళున్న సూర్యుడు, సీతాకోకచిలుకలు, అంకెలు, ఒక జిరాఫీ. మధ్యలో పళ్ళన్నీ కనబడేలా నవ్వే ఉంగరాల జుట్టు పాప. ఆ పాపది ఇంటర్నెట్లో కొన్న ఫోటో. ఏ దేశపు పిల్లో ఎవరికీ తెలియదు. బావ కుర్చీ ఈడ్చుకుని వచ్చి తెర వంక చాలాసేపు చూశాడు.

"మరదలా, ఆ జిరాఫీ మెడ పక్కన కాస్త చోటున్నట్టుంది. నా ఫోటో కూడా పెట్టరాదూ?"

"పెడతాను బావా. పిల్లలు ఎందుకు రాలేదని ఎవరన్నా అడిగితే చూపించడానికి పనికొస్తుంది."

అంతా నవ్వారు, జిరాఫీ ఉండిపోయింది. అలసిన మనిషికి కాదనడం కన్నా కలపడం తేలిక.

బస్టాపు నుంచి వచ్చాక చెల్లెలు ఊళ్ళోని మిగతా పసిపిల్లల బళ్ళ కరపత్రాలన్నీ పోగుచేసి ప్రెస్సు గోడకు అంటించింది. దూరం జరిగి కళ్ళు సగం మూసి చూసింది. అక్షరాలు చెరిగిపోయి రంగులు మాత్రమే మిగిలేలా చూసే ఈ పద్ధతి వాళ్ళ వృత్తిలో పాతది. అలా చూసినప్పుడు గోడంతా కలిపి పిసికిన రంగు మట్టిముద్దలా ఉంది. కళ్ళు పూర్తిగా తెరిస్తే మరొకటి బయటపడింది. ఉంగరాల జుట్టు పాప అక్క బళ్ళోనే కాక మరో మూడు బళ్ళలో కూడా నవ్వుతోంది. బావతో చెబితే, ఆ పిల్ల తెలివే తెలివి, నాలుగు చోట్ల చదువుతూ కూడా అలా నవ్వగలుగుతోందన్నాడు.

అందరి దగ్గరా ఉన్నదాని మీద కన్ను ఆగదు. లేనిదేమిటో వెతకాలి. గోడ మీద తెలుపు లేదు. నవ్వని ముఖమూ ఒక్కటి లేదు.

దాన్ని వెతకడానికే ఆమె ఒక ఉదయం సెలవు పెట్టి అక్క బళ్ళో ఒక మూల కూర్చుంది. వేసవి సెలవులకు ఇంకా వారముంది. అక్కడి కుర్చీలు ఎంత పొట్టివంటే పెద్దవాళ్ళు కూర్చుంటే మోకాళ్ళు గడ్డానికి తగులుతాయి. గదంతా తడిగుడ్డ వాసన, మైనపు రంగుల వాసన. గుమ్మం పక్కన ఒక పాప వీపున బ్యాగుతో, కాళ్ళకు బూట్లతో, వీధి వైపు తిరిగి కూర్చుని ఉంది. బ్యాగు దించితే ఉండిపోవడానికి ఒప్పుకున్నట్టవుతుందని ఆ పాప లెక్క. నెల నుంచి రోజూ అలాగే వస్తోంది, అలాగే కూర్చుంటోంది, రైలు కోసం చూస్తున్నట్టు. బావ ఆమెకు పాసింజరమ్మ అని పేరు పెట్టాడు.

అక్క బళ్ళో ఒక కట్టుబాటు ఉంది. మిగతా చోట్ల పిల్ల దృష్టి మళ్ళించి తల్లిని పక్క గుమ్మంలోంచి పంపేస్తారు. ఇక్కడ తల్లి తాను వెళుతున్నానని పిల్ల ముఖం చూసి చెప్పి వెళ్ళాలి. చెబితే పిల్ల ఏడుస్తుంది. ఏడ్చినప్పుడు బొమ్మ ఇవ్వరు, బిస్కెట్టు ఇవ్వరు, ఊరుకోమని అనరు. అక్కో, ఆయానో వెళ్ళి పక్కన కూర్చుంటారు. అంతే. ఆ ఉదయం అక్క పాసింజరమ్మ పక్కన చాప మీద కూర్చుని చిరిగిన బొమ్మల పుస్తకాలకు టేపు అంటించుకుంటోంది. ఇద్దరూ ఒకరి వంక ఒకరు చూడలేదు. పాప కాసేపు ఏడ్చి, కాసేపు ఆగి, టేపు చివర దొరక్క అక్క గోటితో గీకుతుంటే, చెయ్యి చాచి తీసుకుని తానే చివర వెతికి ఇచ్చింది. తరువాత మళ్ళీ ఏడవడం మొదలుపెట్టింది.

చెల్లెలు తన సంచిలో ఉన్న పాడైన ప్రూఫు కాగితం తిప్పి, వెనక వైపు ఆ పాప వీపు గీసింది. బ్యాగు, బూట్లు, పక్కకు ఒరిగిన రెండు పిలకలు. ముఖం లేదు. మర్నాడు కంప్యూటరులో ఆ బొమ్మను తెల్లటి ఖాళీ మధ్య ఉంచి కింద మూడే పంక్తులు పేర్చింది:

మీ పాప బడికి వెళ్ళనని ఏడుస్తుందా?
మా బళ్ళో ఏడవచ్చు.
ఏడ్చినంతసేపూ ఎవరో ఒకరు పక్కన కూర్చుంటారు.

అక్కకు అది నచ్చలేదు. బడి మొదలవుతుంటే కాగితం మీద ఏడుపేమిటన్నది ఆమె అభ్యంతరం. బావ ఎటూ తేల్చలేదు. జిరాఫీకి అన్యాయం జరిగిందని మాత్రం అన్నాడు. చెల్లెలు వాదించే ఓపిక లేక, గోడకు అంటించి దూరం నుంచి చూడమంది. చూశారు. కన్ను దాని మీదే ఆగుతోందని ఇద్దరూ ఒప్పుకోక తప్పలేదు. ప్రెస్సు నియమం ప్రకారం కస్టమరు సంతకం లేనిదే ప్రూఫు మిషనుకు వెళ్ళదు. అక్క చంకలో ఒక పిల్లాడు నిద్రపోతుండగా, కాగితం గోడకు ఆనించి నిలబడే సంతకం పెట్టింది.

తరువాత జరిగినదానికంతా మూలం ఆ సంతకంలోనే ఉంది. ముగ్గురూ ఆ కాగితాన్ని దూరం నుంచి చూశారు, కన్ను ఆగుతుందా లేదా అని. మూడో పంక్తిని ఒక ఒప్పందంగా, పిల్ల ఉన్న మనిషి చదివినట్టు, ఎవరూ చదవలేదు.

ఈసారి చవక కాగితం వాడారు. పంచిన మర్నాడు చెల్లెలు తలవంచుకుని ఆ వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచింది. నేల మీద ఒక్కటీ లేదు. బస్టాపు బల్ల మీద లేదు. బేకరీ బయటి చెత్తడబ్బాలో కప్పులు ఉన్నాయి, కాగితం లేదు. ఒక మనిషి దాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకోవడం ఆమె కళ్ళారా చూసింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో తన పని ఒకరి జేబులోకి వెళ్ళడం చూడటం అదే మొదటిసారి. ఆమెకు కాళ్ళనొప్పి గుర్తురాలేదు.

సెలవులు ముగిసేలోగా గదులు నిండాయి. పాత ఏడుగురికి తోడు కొత్తవాళ్ళు ఏడుగురు. ఇంటాయన బామ్మర్దికి వేరే చోటు చూసుకోమని చెప్పాడు. అక్క చెల్లెలికి ఒక చీర కొనిపెట్టింది, బావ ఆ చీర మీద కూడా ఒక జిరాఫీ ఉంటే బాగుండేదన్నాడు.

అయితే ఎవరొచ్చారన్నది బడి తెరిచాక తెలిసింది. నవ్వే పాప ఉన్న కరపత్రం చూసి, నవ్వే పిల్లలున్నవాళ్ళు ఎక్కడికైనా వెళతారు. ఈ కాగితం చూసి వచ్చినవాళ్ళు దీనికోసమే వెతుకుతున్నవాళ్ళు. మిగతా బళ్ళు నాలుగు రోజులు చూసి వెనక్కి పంపిన పిల్లలు, మెయిన్ రోడ్డు మీది వ్యాను మెట్టు పట్టుకుని వదలని పిల్లలు, తల్లి చున్నీ చివర నోట్లో కుక్కుకుని వచ్చినవాళ్ళు. ఏడుగురికి ఏడుగురూ ఏడ్చేవాళ్ళే. ఏడుపు ఆవులింత వంటిది, ఒకరి నుంచి ఒకరికి పాకుతుంది. పాత పిల్లల్లో ఏనాడూ ఏడవని ఇద్దరు కూడా, ఈ సంగతి ఇన్నాళ్ళూ తమకెవరూ చెప్పలేదే అన్నట్టు, కొత్తగా మొదలుపెట్టారు. పాసింజరమ్మ మాత్రం వాళ్ళందరినీ తిరిగి చూసి, బ్యాగు సర్దుకుని, ఇంకో మూలకు వెళ్ళి కూర్చుంది.

మునుపు ఏడ్చేది ఒక్కతే కనుక పక్కన కూర్చునేందుకు ఒక మనిషి చాలింది. ఇప్పుడు ఒకరి పక్కన కూర్చుంటే మిగిలినవాళ్ళ పక్క ఖాళీ. ఆయా మొదటి వారం దాటకముందే, చెవిలో జోరీగలు దూరినట్టుందమ్మా, ఇంటికెళ్ళినా పోవట్లేదు అని చెప్పి మానుకుంది. మరొకరు దొరకలేదు. మేడమీద అద్దెకున్నవాళ్ళు ఇంటాయనకు ఫిర్యాదు చేశారు. ఆయన వచ్చి గుమ్మంలో నిలబడి, ఏదో చెప్పబోయి, ఆ గోలలో తన మాట తనకే వినిపించక వెనక్కి వెళ్ళిపోయాడు. తల్లిదండ్రులు చెడ్డవాళ్ళు కారు. కానీ ఒక తండ్రి రోజూ కిటికీ దగ్గర కాసేపు నిలబడేవాడు, చొక్కా జేబులో నాలుగు మడతల కాగితంతో. తన కొడుకు పక్కన ఎవరూ లేకపోయినా ఏమీ అనడు. ఊరికే చూస్తాడు. అక్కకు ఆ చూపు తిట్టు కన్నా ఎక్కువ తగిలేది.

చెల్లెలు ఒక మధ్యాహ్నం పిల్లలు వెళ్ళిపోయాక వచ్చింది. బడికి కొత్త బోర్డు రాయిద్దామని, అదే వీపు బొమ్మతో ఒక నమూనా తెచ్చింది. అక్క చాప మీద వెల్లకిలా పడుకుని, కాళ్ళు పొట్టి కుర్చీ మీద పెట్టుకుని ఉంది. గొంతు దాదాపు పోయింది. నమూనా చూసి పక్కన పెట్టింది.

"బాలేదా అక్కా?"

"బాగుంది. నువ్వు వేసేవన్నీ బాగుంటాయి." అక్క గొంతు గీరుకుపోతూ వచ్చింది. "నువ్వు రాసింది అబద్ధమైనా బాగుండేది చిన్నీ. అబద్ధమైతే ఎవరూ పట్టించుకోరు. జిరాఫీ ఉందన్నాం, జిరాఫీ ఏదని ఒక్కరన్నా అడిగారా?"

"నేను చూసిందే రాశానే."

"ఒక్క పిల్ల దగ్గర చూశావు. ఊరందరికీ రాశావు. మాట నీది, ఒడి నాది. నాకున్నది ఒక్కటే ఒడి."

చెల్లెలు ఆ పంక్తి తీసేసి మళ్ళీ వేయిద్దామంది. ఇప్పటికే జనం జేబుల్లో ఉన్నదాన్ని ఎలా తీసేస్తావని అక్క అడిగింది. అక్క అప్పటికే ఒక నిర్ణయానికి వచ్చి ఉంది. చెప్పడానికి గొంతు కూడదీసుకుంటోంది. ఇలాగే సాగితే నెల తిరక్కుండా బడి మూసుకోవాలి. పిల్లలు లేక మూతపడబోయినది, పిల్లలుండి మూతపడుతుంది. కొత్తగా చేరిన ఏడుగురినీ వెనక్కి పంపేస్తే మిగిలినవాళ్ళతో ఈ ఏడాదైనా ఎలాగో గట్టెక్కవచ్చేమో, ఇంటాయన కాళ్ళావేళ్ళా పడవచ్చు. రేపు ఉదయం తల్లిదండ్రులకు ఇవ్వడానికి ఒక కాగితం కావాలి.

"అది కూడా నువ్వే రాయి. చక్కగా రాస్తావుగా."

అందులో ఎత్తిపొడుపు ఉందో లేదో చెల్లెలికి తెలియలేదు. నిజంగా అడుగుతోందేమోనని అనిపించడమే ఆమెకు ఎక్కువ కష్టంగా తోచింది.

ప్రెస్సుకు వెళ్ళి ఆమె ఆ సాయంత్రమంతా కూర్చుంది. 'అనివార్య కారణాల వల్ల' అని మొదలుపెట్టింది. కారణం అనివార్యమేమీ కాదు, తానే. 'మీ పాప సౌకర్యం దృష్ట్యా' అని రాసింది. ఆ పాపలను ఇప్పటికే ఎన్ని బళ్ళు ఇదే మాట చెప్పి పంపి ఉంటాయోనని తీసేసింది. 'చింతిస్తున్నాము' అన్నది మిగిలింది. ఒక్క మాట ఉన్న ఆ తెల్ల కాగితాన్ని అలవాటు కొద్దీ కళ్ళు సగం మూసి చూసింది. ఏ వాక్యం పేర్చినా అది వీపు బొమ్మ కాగితంలోని మూడో పంక్తిని అబద్ధం చేస్తోంది. అబద్ధం చేయకుండా పిల్లలను పంపే వాక్యం తెలుగులో ఆమెకు దొరకలేదు. దొరకదని తేలాక లేచి ఫోర్‌మన్ బల్ల దగ్గరకు వెళ్ళింది.

తనకు ఉదయాలు సెలవు కావాలంది. ఎన్నాళ్ళని ఆయన అడిగితే, తెలియదంది. ఆయన కోపగించుకోలేదు, పని పద్ధతి వివరించాడు: డిజైన్లు ఉదయమే వస్తాయి, కస్టమర్లు ఉదయమే వస్తారు, కనుక ఆ కంప్యూటరు ముందు మరొకరు కూర్చోవలసి ఉంటుంది. మధ్యాహ్నాలు వస్తానంటే ప్రూఫులు దిద్దే పని, కాగితాలు కోయించే పని ఉంటాయి. తరువాత ఎప్పుడో తిరిగొస్తే ఆ కుర్చీ ఖాళీగా ఉంటుందని మాట ఇవ్వలేనన్నాడు. మాట ఇవ్వలేననే మనిషి మీద ఆమెకు ఆ రోజు గౌరవం కలిగింది. సరేనంది. పద్నాలుగేళ్ళుగా కూర్చున్న కుర్చీ. దాని మీది దిండు ఇంటి నుంచి తెచ్చుకున్నది కనుక సంచిలో పెట్టుకుంది.

ఉదయం ఆమె వెళ్ళేసరికి అక్క గుమ్మంలో నిలబడి ఉంది. వీధి మలుపులో మొదటి ఏడుపు అప్పుడే వినబడుతోంది.

"రాశావా?"

"వాక్యం రాలేదు."

"మరెందుకొచ్చావే?"

"కూర్చోడానికి."

అక్క ఆమె ముఖం వంక చూసింది, సంచిలో దిండు వంక చూసింది, ఏం జరిగిందో అడగకుండానే తెలిసిపోయింది. వద్దని ఒక మాట అనవచ్చు. అని వాదించడానికి గొంతు చాలదు. అదీ కాక, ఆ మాట అంటే చెల్లెలు వెళ్ళిపోతుందేమోనన్న భయం ఆమెకు ఉంది. పక్కకు జరిగి దారి ఇచ్చింది.

బావ కూడా డ్యూటీ లేని రోజుల్లో వస్తానన్నాడు, వచ్చాడు. ఆయన మీసాలు చూసి అప్పటిదాకా ఊరుకున్న పిల్లవాడు కూడా ఏడుపు అందుకున్నాడు. ఆయనను వంటింట్లో నీళ్ళ సీసాలు నింపే పనికి మార్చారు. ఇద్దరు మనుషులతో ఏడుగురి ఏడుపు తీరదు. కానీ ఒక్కతీ ఏడుగురి మధ్య పరుగెత్తడం వేరు, గదికొకరు నేల మీద కదలకుండా ఉండటం వేరు. పెద్దవాళ్ళు పరుగెత్తడం మానాక పిల్లల ఏడుపుకు కూడా కొంత తొందర తగ్గింది. కిటికీ దగ్గరి తండ్రి ఆ రోజు కొంచెం ముందే వెళ్ళిపోయాడు. అది మేలుకు గుర్తో, ఆఫీసుకు ఆలస్యమవడమో ఎవరూ తేల్చలేదు. ఇంటాయన మళ్ళీ వస్తాడు, మేడమీదివాళ్ళు ఊరుకోరు. ఈ నెల గడుస్తుందా అన్నది ఇంకా ప్రశ్నే.

చెల్లెలికి ఈ పని రాదు. ఎక్కడ కూర్చోవాలో, ఎంత దూరంలో కూర్చోవాలో తెలియదు. మొదట ఒక పిల్లవాడికి మరీ దగ్గరగా కూర్చుంది, వాడు చేతిలోని సీసాతో మోకాలి మీద కొట్టాడు. తరువాత గోడకు ఆనుకుని ఏడుస్తున్న ఒక పిల్ల పక్కన, జానెడు ఎడంగా, దిండు వేసుకుని కూర్చుంది. పిల్లకు మూడేళ్ళుంటాయి. ముక్కు కారుతోంది, తుడవనివ్వదు. గంట గడిచింది. నడుము పట్టేసింది. అవతల గదిలో అక్క దగ్గు వినిపిస్తోంది. ప్రెస్సులో ఈపాటికి తన కుర్చీలో ఎవరు కూర్చుని ఉంటారోనని చెల్లెలు ఆలోచించి, ఆలోచించడానికి కూడా ఓపిక లేక మానేసింది.

పిల్ల ఏడుపు ఆపి ఆమెను పరీక్షగా చూసింది.

"నువ్వెందుకు ఏడవట్లేదు?"

"అలిసిపోయాను."

ఆ జవాబు న్యాయంగానే ఉందన్నట్టు పిల్ల కాసేపు ఆలోచించింది.

"అయితే కాసేపాగి ఏడువు," అని చెప్పి, తన పని తాను మళ్ళీ మొదలుపెట్టింది.